మూడు జేబుల్లో మూడు మాత్రలు

గత రమజాన్ మాసంలో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగిసిన వేళ, మా మదరసాలోని తోటి ఉస్తాద్ ఒకరు ఛాతీ పట్టుకొని కూర్చున్నారు. "గ్యాస్ మాత్ర ఏదైనా ఉందా?" అని అడిగారు. వెంటనే మూడు జేబుల్లో నుండి మూడు మాత్రలు బయటికి వచ్చాయి. ఇచ్చిన ముగ్గురూ వాటిని 'గ్యాస్ మాత్ర' అనే అన్నారు. నిజానికి అవి మూడు వేర్వేరు మందులు.

సోదర సోదరీమణులారా! మేము వైద్యులం కాము. అయినా ఆ రాత్రి తరువాత డాక్టరు గారిని అడిగి తెలుసుకున్న విషయాలు ప్రతి ఇంటికీ అవసరమని భావించి ఇక్కడ పొందుపరుస్తున్నాము.

మొదటిది నమిలే మాత్ర. జెలుసిల్, డైజీన్ వంటివి ఈ కోవలోనివి. కడుపులో అప్పటికే ఊరిన ఆమ్లాన్ని ఇవి విరిచేస్తాయి. కొద్ది నిమిషాల్లోనే ఉపశమనం కలుగుతుంది. కానీ అది ఎక్కువసేపు నిలవదు. ఇఫ్తార్‌లో మిర్చి బజ్జీలు ఎక్కువై ఎప్పుడో ఒకసారి కలిగే మంటకు ఇది చాలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా వాడరాదు. థైరాయిడ్, ఐరన్ మాత్రలు వేసుకునేవారు వాటికీ దీనికీ నడుమ నాలుగు గంటల ఎడం పాటించాలి.

రెండవది ఫామోటిడిన్. ఇది ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తుంది. సుమారు గంటకు పనిచేయడం మొదలుపెట్టి, పది పన్నెండు గంటల వరకు నిలుస్తుంది. మంటతో రాత్రి నిద్ర చెడేవారికి ఉపయోగకరం. అయితే ప్రతిరోజూ వాడితే కొన్ని వారాలకు దీని ప్రభావం సన్నగిల్లవచ్చు. ఈ కుటుంబానికే చెందిన రానిటిడిన్‌లో క్యాన్సర్‌కు దారితీయగల మలినం ఏర్పడుతున్నదని తేలడంతో, 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని మార్కెట్టు నుండి తొలగించమని కోరింది. 2022లో మన దేశ అత్యవసర మందుల జాబితా నుండి కూడా దానిని తీసివేశారు.

మూడవది పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్ర. మన ఇళ్ళలో అడగకుండా ఎక్కువగా మింగేది దీనినే. వారానికి రెండు మూడుసార్లు, అంతకు మించి మంట వచ్చేవారికి డాక్టర్లు దీనిని కొన్ని వారాల పాటు రాస్తారు. మంట పుట్టాక వేసుకుంటే తక్షణ ఫలితం ఆశించరాదు. పూర్తి గుణం కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది. భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. ఉపవాసం పాటించేవారు సహరీకి అరగంట ముందుగా లేచి వేసుకోవచ్చు. ఏళ్ళ తరబడి వాడితే శరీరంలో బి12, మెగ్నీషియం తగ్గే ప్రమాదముంది. హఠాత్తుగా మానితే మంట తిరగబెట్టవచ్చు. కనుక మొదలుపెట్టడమే కాదు, మానడం కూడా డాక్టరు సలహాతోనే జరగాలి.

మింగడం కష్టమైనా, విరేచనం నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఈ మూడింటిలో ఏదీ ఎంచుకోవద్దు. వెంటనే వైద్యుణ్ణి కలవాలి.

ఇక మా ఉస్తాద్ గారి సంగతి. ఏ మాత్ర ఇవ్వాలా అని మేము తర్జనభర్జన పడుతుండగా, "హజ్రత్‌కు ఒళ్ళంతా చెమటలు పడుతున్నాయి" అన్నాడు ఒక విద్యార్థి. అడిగితే, మంట కాదు, ఛాతీపై బరువు పెట్టినట్లుందని, ఎడమ చేయి లాగుతున్నదని చెప్పారు. మూడు మాత్రలూ పక్కన పెట్టి 108కి ఫోన్ చేశాము. గుండె రక్తనాళంలో అడ్డంకి ఉన్నదని ఆసుపత్రిలో తేలింది. అల్లాహ్ దయవల్ల ఆయన ఇప్పుడు మళ్ళీ పాఠాలు చెబుతున్నారు.

ఛాతీలో బరువు, చెమటలు, చేతికో దవడకో పాకే నొప్పి కనబడినప్పుడు దయచేసి జేబులు తడమకండి. ఆ కొద్ది నిమిషాలే ప్రాణం నిలబెట్టవచ్చు.