అంకెల హాప్స్ – మసక బీరు



గత వేసవిలో ఒక యువరైతు నా కార్యాలయమునకు ఒక కరపత్రము పట్టుకొని వచ్చెను. అందులో పొలుసులు పొలుసులుగా ఉన్న పచ్చని పువ్వుల బొమ్మ, దానిక్రింద "హాప్స్ – బీరు కంపెనీలకు కావలసిన పంట – ఎకరమునకు లక్షల ఆదాయము" అని అచ్చువేసి ఉన్నది. "సార్, ఒక్కో పిలక మూడు వందలంట. రెండెకరాల్లో మిరప మానేసి ఇదే వేద్దామనుకుంటున్నా. మీరేమంటారు?" అని అడిగెను. బయానా ఇంకను ఇవ్వలేదట.

హాప్స్‌ను గురించి కళాశాలలో చదివిన నాలుగు వాక్యములకు మించి నాకును అప్పటికి తెలియదు. సెప్టెంబరులో సెలవు పెట్టి అమెరికాలో సియాటిల్ వద్దనున్న మా అక్కయ్యగారింటికి పోవలసియుండెను. "నేను తిరిగివచ్చు వరకు పైసా కట్టవద్దు" అని చెప్పి పంపితిని. చూచి వచ్చిన పిమ్మట ఆయనకు చెప్పినదే ఇప్పుడు మీకును చెప్పుచున్నాను.

సియాటిల్ నుండి కాస్కేడ్ కొండలు దాటి రెండున్నర గంటలు ప్రయాణము చేసిన యాకిమా లోయ చేరుదుము. అమెరికాలో పండు హాప్స్‌లో ముప్పాతిక భాగమునకు దగ్గరగా వాషింగ్టను రాష్ట్రములోని ఈ ఒక్క లోయయే ఇచ్చుచున్నది. అచ్చట ఏడాదికి కురియు వాన ఎనిమిది అంగుళములు మాత్రమే. మన అనంతపురము కంటె తక్కువ. కొండలమీది మంచు కరగిన నీటిని కాలువలద్వారా తెచ్చి పండించుదురు. కారు అద్దము దింపగనే గాలిలో నిమ్మతొక్కయు, పచ్చిగడ్డియు, జిగురును కలిసిన వాసన వచ్చెను. అది ఎండబెట్టు కొట్టముల వాసన అని మా బావగారు చెప్పిరి.

హాప్స్ తోటను చూచినప్పుడు నాకు మన తమలపాకు తోటయే జ్ఞాపకమునకు వచ్చినది. పదునెనిమిది అడుగుల స్తంభములు నాటి, పైన తీగెలు లాగి, వాటినుండి త్రాళ్ళు వ్రేలాడదీయుదురు. వసంతములో పిలకలను ఆ త్రాళ్ళకు చుట్టగా, జూలై నాటికి పైకొన చేరును. ఆగస్టు చివర నుండి సెప్టెంబరు వరకు తీగెను త్రాటితోసహా కోసి యంత్రములోనికి పంపుదురు. వేరు మాత్రము భూమిలో పెక్కేండ్లు బ్రతికి, ఏటేట చిగిర్చును. దొండవలె దీనికి ఆడమొక్కలు, మగమొక్కలు వేరు. తోటలో ఉంచునవి ఆడమొక్కలే. మగవి కనిపించిన పీకివేయుదురు. ఆడపువ్వు పొలుసుల మొదట ఉండు పసుపుపచ్చని పొడియే పంటకు ప్రాణము. బీరునకు చేదును, వాసనను ఇచ్చునది అదే.

మనము బి.పి.టి. 5204, ఎం.టి.యు. 1010 అని అంకెలతో వరి రకములను పిలుచుకొందుము గదా. 5204 కి సాంబమసూరి అన్న చక్కని పేరున్నను చాలమంది రైతుల నోట అంకెయే నిలిచినది. హాప్స్‌లోను పుట్టుక ఇట్లే. ఏటేట వేలకొలది విత్తు మొక్కలను పెంచి, తెగుళ్ళకు లొంగినవి, కాపు లేనివి, వాసన బాగులేనివి తీసివేయగా మిగిలిన కొలదిపాటి మొక్కలకు అంకెలిచ్చి పరీక్షింతురు. ఇట్లు అంకెలతో ఉన్నంతకాలము అవి ప్రయోగాత్మక రకములు. అమెరికా వ్యవసాయశాఖవారు 1956లో మొదలుపెట్టి 56013 అను అంకెతో పెంచిన మొక్క 1972లో కాస్కేడ్ అను పేరుతో విడుదలైనది. 1990లో చేసిన ఒక సంకరణము ఎచ్.బి.సి. 394 అను అంకెతో ఏండ్లకేండ్లు గడిపి, 2000 దశకము చివరకు గాని సిట్రా అను పేరుతో బజారులోనికి రాలేదు. నేడు మిక్కిలి గిరాకీ గల రకములలో అది యొకటి. ఎచ్.బి.సి. 369 మొజాయిక్ అయినది. ఎచ్.బి.సి. 438 సబ్రో అయినది. దానిలో కొబ్బరి వాసన వచ్చునందురు.

బీరు తయారుచేయువారు కోతకాలమున తామే వచ్చి, ఎండిన పువ్వులను అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకొని ఎంచుకొందురు. నేనును ఒక పిడికెడు నలిపి చూచితిని. చేతులు జిగురై, రెండుసార్లు సబ్బుతో కడిగినను సాయంత్రము వరకు వాసన పోలేదు.

ఇక రుచి మాట. త్రాగుమని చెప్పుట నా ఉద్దేశము కాదు. పంట విలువ ఎక్కడనున్నదో తెలియుటకు దీనిని చెప్పక తప్పదు. లోయలోనే ఒక చిన్న బీరు కర్మాగారమునకు వెళ్ళితిమి. గోడమీది పలకపై ఒక బీరునకు ఎదురుగా హాప్స్ పేరునకు బదులు అంకె మాత్రమే వ్రాసియుండెను. మా బావగారు కారు నడుపవలెను గనుక మంచినీరు పుచ్చుకొనిరి. నేను ఒక చిన్న గ్లాసు తీసికొంటిని. చూచుటకు తేటగా లేదు. పొద్దుటి తాటికల్లునకు కాస్త బత్తాయి రసము కలిపినట్లు మసకగా ఉన్నది. దీనిని మసక ఐ.పి.ఎ. అందురు. వెర్మాంటు రాష్ట్రములో 2004లో మొదట కాచిన హెడీ టాపర్ అను బీరు ఈ తరహాకు దారితీసినదని పేరు. 2018లో అమెరికా బీరు తయారీదారుల సంఘమువారు దీనిని వేరుతరగతిగా చేర్చిరి.

ముందు వాసన చూడుమని అచ్చటివారు చెప్పిరి. మొదట పనసతొన, పిదప జామ, చివర ఉప్పులో ఊరిన నిమ్మతొక్క. పండు ఒక్కటియు వేయలేదు, అంతయు పువ్వుదే! వేపపువ్వంత చేదుండునని పండ్లు బిగబట్టి గుక్క వేసితిని గాని, నాలుకపై మెత్తగా జారినది. చేదు వెనుకగా వచ్చి త్వరలో పోయినది. కారణమిది: హాప్స్‌ను మరిగించిన చేదు బయటికి వచ్చును, సువాసన తైలములు ఆవిరియగును. కావున ఈ బీరులో చాలభాగము హాప్స్‌ను పొయ్యి దించిన తరువాత, పులియుచున్న తొట్టిలోనే వేయుదురు. ఓట్సు, గోధుమలలోని మాంసకృత్తులు హాప్స్‌లోని వగరు పదార్థములతో కలిసి మసకను, నునుపును ఇచ్చును. ఇది నిలువయుండదు. గాలి తగిలిన రంగు నల్లబడి, వాసన చచ్చును.

రెండవ గ్లాసు అంత బాగులేదు. అదే అంకె, వేరొక తోట పంట. పనసతొన వెనుక ఉల్లిపాయ వాసన తగులుచుండెను. పువ్వు ముదిరిన పిమ్మట కోసిన ఇట్లగునట. కొన్ని దినముల ఆలస్యము బీరు గ్లాసులో తెలియుచున్నది! అందుకే అచ్చటి రైతులు పువ్వులను ఎండబెట్టి, తూచి, ఎండు పదార్థము నూటికి ఎంతయున్నదో చూచి కోతతేదీ నిర్ణయింతురు.

ఐ.పి.ఎ. అనగా ఇండియా పేల్ ఏల్. ఇంగ్లండునుండి ఓడలలో కలకత్తా, మదరాసు రేవులకు వచ్చిన బీరు అది. హాప్స్ ఎక్కువ వేసిన నెలల ప్రయాణములో చెడదని వారి అనుభవము. పేరులో మన దేశమున్నది గాని హాప్స్ మనవి కావు. హిమాచల ప్రదేశములోని లాహౌల్ లోయలో 1970 దశకమునుండి కొందరు రైతులు పండించిరి, అది కొండప్రాంతము.

అట్లని యాకిమా రైతు నిశ్చింతగా ఉన్నాడా? లేదు. మసక బీరు మోజులో సువాసన రకములు విరివిగా నాటిరి. 2021లో అరువదివేల ఎకరములు దాటిన అమెరికా విస్తీర్ణము 2024 నాటికి నలుబదియైదు వేలలోపునకు దిగినది. స్తంభములు నిలిచి, తీగెలు లేని పొలములను నేను త్రోవలో చూచితిని. పైగా సిట్రావంటి రకములకు యజమానులున్నారు. వారి అనుమతి లేనిదే పిలక తీసి నాటరాదు. మన 2001 చట్టము రైతునకు తన పంట విత్తనమును దాచుకొను, నాటుకొను హక్కునిచ్చినది. అచ్చట ఆ వీలు లేదు.

తిరుగు ప్రయాణములో రెండు వేరుముక్కలు సంచిలో వేసికొమ్మని బావగారు హాస్యమాడిరి. విదేశీ మొక్కలు తెచ్చుటకు 2003 క్వారంటైన్ ఉత్తర్వు క్రింద అనుమతి కావలెను. శాఖ ఉద్యోగినే అట్లు తెచ్చిన ఏమగును!

ఊరు చేరిన వారమునకు ఆ యువరైతు వచ్చెను. కాగితముపై రెండు అంకెలు వ్రాసి చూపితిని. యాకిమాలో జూను నెలలో పగలు పదునారు గంటలకు దగ్గర. మన జిల్లాలో పదమూడు గంటలు. హాప్స్ తీగె పగటి నిడివినిబట్టి పెరుగును. పొడుగు పగలు లేనిచోట త్రాడు సగము ఎక్కకముందే నాలుగు పువ్వులు పూసి ఆగిపోవును. ఎరువు, నీరు ఎంత పెట్టినను సూర్యుని ఆపలేము. కుండీలో బ్రతుకును, పంటగా గిట్టదు. పిలకలమ్మువారిని మన జిల్లాలో కాపుకు వచ్చిన తోట ఒకటి చూపుమని అడుగుమంటిని. గ్రామ వ్యవసాయ సహాయకులును ఇట్టి కరపత్రము కంటబడిన ఆ ప్రశ్నయే వేసి, మండల వ్యవసాయాధికారికి తెలుపవలెను.

ఆయన ఫోనుచేసి అడిగెను. తోట బెంగుళూరు వద్దనున్నదనిరట. ఏ ఊరని అడుగగా ఫోను పెట్టివేసిరట.

మిరప నారు పోయు అదను అప్పటికే కొంత దాటినది. ఆయన పొరుగూరిలో నారు కొని ఒకటిన్నర ఎకరములో నాటెను. మిగిలిన అర ఎకరములో మినుము చల్లెను.