బురఖా: కోత, కుట్టు, మారుతున్న తీరు

ముస్లిం స్త్రీలు బయటికి వెళ్లేటప్పుడు ఇంటి బట్టల మీద వేసుకునే వదులైన నిలువు వస్త్రాన్ని తెలుగునాట బురఖా అంటారు. గల్ఫ్ దేశాల నుంచి వచ్చిన రకానికి అబాయా అని పేరు. జుట్టునూ మెడనూ కప్పే గుడ్డ హిజాబ్. కళ్లు మాత్రమే కనబడేలా ముఖాన్ని కప్పేది నిఖాబ్.

ఖురాన్‌లో స్త్రీల వస్త్రధారణ ప్రస్తావన ప్రధానంగా 24వ సూరా నూర్‌లో, 33వ సూరా అహ్‌జాబ్‌లో వస్తుంది. శరీరాన్ని హుందాగా కప్పుకోవాలన్నది అందులోని సారం. బట్ట రంగు, కోత, కుట్టు గురించిన ఆదేశాలు అక్కడ లేవు. ముఖం కప్పుకోవడం తప్పనిసరా కాదా అన్న విషయంలో ధర్మవేత్తల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అందుకే ఏ దేశపు స్త్రీలు ఆ దేశపు వాతావరణాన్నీ, దొరికే బట్టనూ బట్టి తమ ఉడుపును రూపొందించుకున్నారు. ఇరాన్‌లో చాదర్, అఫ్ఘానిస్తాన్‌లో కళ్ల దగ్గర జాలీ ఉండే చాదరీ, అరబ్బు దేశాల్లో అబాయా అలా వచ్చినవే.

కృష్ణా డెల్టాలోనూ ఇదే జరిగింది. కాకుమాను, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల పల్లెల్లో చాలామంది ముస్లిం స్త్రీలకు చీరే ఉడుపు, తల మీది కొంగే ముసుగు. దూది ఏకడం కులవృత్తిగా బతికిన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు ఇంట్లోనూ తెలుగే మాట్లాడుకుంటాయి. ఈ ఇళ్ల స్త్రీల కట్టు చుట్టుపక్కల రైతు స్త్రీల కట్టుకు దగ్గరగా ఉండేది. పొలం పనికి కొంగు తలపై వేసి బిగించుకోవడమే అనువు.

అరబ్బు దేశాలతో ఈ తీరానికి బట్టల బంధం మాత్రం పాతదే. బాపట్లకు దగ్గరలోని చీరాల ఒకప్పుడు తేలియా రుమాళ్లకు పేరుపొందింది. నూలును నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలో రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో చిటికీ (ఇకత్) పద్ధతిలో నేసిన చదరపు గుడ్డలవి. అవి సముద్రం దాటి అరబ్బుల తలపాగాలయ్యాయి. హైదరాబాద్ నిజాం అంతఃపురంలో దుపట్టాలుగానూ వాడేవారు. ఇప్పుడు ఆ నేత ప్రధానంగా తెలంగాణలోని పుట్టపాకలో నిలిచింది. దానికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఇక బురఖాకు వస్తే, భారతదేశంలో దాని రూపం మూడు మలుపులు తిరిగింది. మొదటిది టోపీ బురఖా. తలకు సరిపోయే టోపీ చుట్టూ కుచ్చులు పోసిన తెల్లని గుడ్డ పాదాల దాకా జారుతుంది, కళ్ల ముందు జాలీ ఉంటుంది. 1901 నుంచి 1926 వరకు భోపాల్‌ను పాలించిన సుల్తాన్ జహాన్ బేగం 1911 ఢిల్లీ దర్బారుకు బురఖాతోనే హాజరైంది. ఆ తరువాత వచ్చింది రెండు ముక్కల నల్ల బురఖా. కింద కోటు, పైన తలకు నాడాతో కట్టుకునే టోపు, కావాలంటే వెనక్కి తిప్పుకునే ముఖపు తెర. చేతులు బయటికి రావడంతో నడక, కొనుగోలు, ప్రయాణం సులువయ్యాయి. మూడో మలుపు అబాయా. 1970ల చమురు సంపదతో గల్ఫ్‌కు వలసలు పెరిగాయి. హైదరాబాద్, కడప, రాయచోటి వంటి చోట్ల నుంచి వెళ్లినవారి పెట్టెల్లో అబాయాలూ తిరిగొచ్చాయి. వాటిని చూసి ఇక్కడి దర్జీలు కోత నేర్చుకున్నారు.

అబాయా చూడ్డానికి సాదా గుడ్డే అయినా కుట్టడం తేలిక కాదు. కొలత భుజం నుంచి చీలమండ దాకా అంగుళాల్లో తీస్తారు. దుకాణాల్లో 52, 54, 56, 58 అని కనిపించే సైజులు ఆ పొడవే. 58 అంగుళాల పన్నా గుడ్డయితే సుమారు మూడు నుంచి మూడున్నర మీటర్లు పడుతుంది. సీతాకోకచిలుక కోతలో గుడ్డను నాలుగు మడతలు వేసి, మడతల మూల దగ్గర మెడ తీసి, ముందు, వెనుక భాగాలనూ చేతులనూ ఒకే ముక్కగా కత్తిరిస్తారు. అంబ్రెల్లా కోతలో భుజం దగ్గర సన్నగా మొదలై కింద ఘేరు విచ్చుకుంటుంది. ముందు తెరుచుకునే రకానికి లోపల పట్టీ వేసి టిచ్ బటన్లో జిప్పో పెడతారు.

గుడ్డ ఎంపికే సగం పని. పలచగా, చలువగా ఉండాలి, ఒంటికి అంటుకోకూడదు, వెలుతురులో లోపలి బట్ట కనబడకూడదు. ఈ గుణాల వల్లే నిదా, క్రేప్ రకాలు పేరు తెచ్చుకున్నాయి. గల్ఫ్‌కు కావలసిన మేలు రకం నల్ల పాలిస్టర్ బట్టను జపాన్, దక్షిణ కొరియా మిల్లులు చాలాకాలంగా అందిస్తున్నాయి. ఇటువంటి బట్ట జారిపోతుంది కనుక సన్నని సూది వాడాలి, ఇస్త్రీ వేడి తగ్గించాలి, అంచులు ఓవర్‌లాక్ చేయాలి. నల్ల గుడ్డపై నల్ల దారం కుట్టేవారి కళ్లకు పెద్ద పరీక్ష.

హైదరాబాద్‌లో చార్మినార్, పత్తర్‌గట్టి ప్రాంతం బురఖా వ్యాపారానికి కేంద్రం. జర్దోజీ, మగ్గం పని, లేసు, వేడితో అతికించే రాళ్లు నల్ల బట్టకు అలంకారాలయ్యాయి. వాడుక అవసరాలూ కోతను మార్చాయి. సెల్‌ఫోన్ కోసం పక్క జేబు, పాలిచ్చే తల్లికి జిప్పు, స్కూటర్ చక్రంలో చిక్కకుండా తగ్గించిన ఘేరు ఇలా వచ్చినవే.

రంగు విషయంలోనూ మార్పు వచ్చింది. నల్ల అబాయాయే ధరించాలన్న నియమం షరియాలో లేదని 2018లో సౌదీ యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ ప్రకటించారు. నీలం, బూడిద, మెరూన్ రంగులు ఇక్కడి దుకాణాల్లోనూ సాధారణమే. రంగుతో పాటు రూపమూ మారింది. ఇటలీకి చెందిన ఫ్యాషన్ సంస్థ డోల్చే అండ్ గబ్బానా 2016లో అబాయాలు, హిజాబ్‌ల శ్రేణిని విడుదల చేసింది. ఆస్ట్రేలియాలో అహెదా జానెటి 2004లో ఈత కోసం ఒళ్లంతా కప్పే బుర్కినీ రూపొందించారు.

ఇన్ని మార్పుల్లోనూ చెదరనివి మూడు గుణాలు: వదులు, మరుగు, నిండుదనం. ఆ మూడింటినీ బట్టలో నిలబెట్టేది దర్జీ చేయి. హైదరాబాద్ పాతబస్తీలో ఈ కుట్టుపని చేసేవారిలో చాలామంది ఇంట్లో కూర్చుని ముక్కకింత అని కూలి తీసుకునే స్త్రీలే. రాళ్ల తళుకుకు ఎంత ధర కడుతున్నామో, లోపల కనబడని కుట్టుకూ అంత విలువ కట్టడం కొనేవారి బాధ్యత.