వేదికపై జవాబుకూ చోటుండాలి

1935 జనవరి 11. లండన్‌లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశం జరుగుతోంది. ఇరవై నాలుగేళ్ళ సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ తన పరిశోధన ఫలితాన్ని వివరించారు. ఇంధనం అయిపోయిన నక్షత్రం శ్వేత కుబ్జంగా స్థిరపడాలంటే దాని ద్రవ్యరాశి ఒక హద్దు దాటకూడదన్నది దాని సారాంశం. ఆ హద్దు సూర్యుడి ద్రవ్యరాశికి దాదాపు 1.4 రెట్లు. తర్వాత మాట్లాడిన ప్రముఖ శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ ఆ వాదన అసంబద్ధమని తోసిపుచ్చారు. సభ నవ్వింది. జవాబిచ్చే అవకాశం మాత్రం చంద్రశేఖర్‌కు దక్కలేదు.

విభేదించడం తప్పు కాదు. విజ్ఞానం ముందుకు సాగేదే ప్రశ్నలతో. అయితే కేంబ్రిడ్జిలో ఈ లెక్కల గురించి తరచూ మాట్లాడుకున్నా, తాను వ్యతిరేకించబోతున్నట్టు ఎడింగ్టన్ ముందుగా చెప్పలేదు. వుల్ఫ్‌గాంగ్ పౌలీ వంటి భౌతిక శాస్త్రవేత్తలు చంద్రశేఖర్ వైపే ఉన్నా, ఆ మాట బహిరంగంగా అనలేదు. 1939లో నక్షత్ర నిర్మాణంపై పుస్తకం వెలువరించి, చంద్రశేఖర్ వేరే అంశాలకు మళ్ళారు. 1983లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

సదస్సుల్లో మర్యాద ఎందుకో ఈ ఘటన చెబుతుంది. వక్త పాటించాల్సిన మొదటి మర్యాద సమయపాలన. పదిహేను నిమిషాలిస్తే పన్నెండులో ముగించాలి, మిగతాది ప్రశ్నలకు. స్లైడ్‌లో అక్షరాలు చివరి వరుసకూ కనిపించాలి. గ్రాఫ్ చూపితే అడ్డగీత, నిలువుగీత వేటిని సూచిస్తాయో ముందు చెప్పాలి. అడిగిన ప్రశ్నను మైకులో మరోసారి చెబితే అందరికీ వినబడుతుంది. జవాబు తెలియకపోతే "తెలియదు" అనడం చిన్నతనం కాదు.

శ్రోతలకూ బాధ్యత ఉంది. ప్రశ్న ఒక్కటే, క్లుప్తంగా అడగాలి. ప్రశ్న పేరుతో సొంత ఉపన్యాసం మొదలుపెడితే మిగతావారి సమయం పోతుంది. విమర్శ ఫలితం మీద ఉండాలి కానీ మనిషి మీద కాదు. పెద్ద లోపం కనబడితే విరామంలో మాట్లాడటం మేలు. సభలోనే చెప్పక తప్పకపోతే, జవాబు వినే ఓపిక ఉండాలి.

అన్నిటికన్నా కీలకం అధ్యక్షుల పాత్ర. పది దేశాల్లో సుమారు 250 సెమినార్లను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చింది. తొలి ప్రశ్న పురుషుడు అడిగిన చోట మహిళల నుంచి వచ్చే ప్రశ్నలు తక్కువగా ఉన్నాయని అది గుర్తించింది. కాబట్టి మొదటి అవకాశం ఎవరికి ఇస్తున్నారన్నదీ ముఖ్యమే. వెనుక వరుసలో సంకోచంగా ఎత్తిన చేయి అధ్యక్షుల కంట పడాలి. విమర్శ ఎంత పెద్దవారి నుంచి వచ్చినా, వక్తకు కనీసం రెండు నిమిషాలు ఇచ్చాకే తర్వాతి ప్రసంగానికి వెళ్ళాలి. లండన్ సభలో 1935లో కొరవడింది ఆ రెండు నిమిషాలే.