జీవకణంలో స్విచ్చి వేసేదెవరు? ఆపేదెవరు?

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ దాటి తార్నాక వైపు నడుస్తున్నారనుకోండి. బస్సు కదలబోతోంది. ఒక్క పరుగు తీశారు! మీ కాలి కండరాలకు అప్పటికప్పుడు శక్తినిచ్చే చక్కెర ఎక్కడిది?

కండరంలో చక్కెర గ్లైకోజన్ రూపంలో నిలవ ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము పేరు ఫాస్ఫొరిలేజ్. విశ్రాంతిగా ఉన్నంతసేపు అది చాలావరకు నిద్రపోతుంది. ఎప్పుడూ మేలుకునే ఉంటే నిలవంతా ఊరికే కరిగిపోతుంది కదా! మరి దాన్ని లేపేదెవరు?

కైనేజ్ అనే మరో ఎంజైము. పరుగు మొదలవగానే కండరంలో విడుదలైన కాల్షియం దీన్ని పురిగొల్పుతుంది. అది ఏ.టి.పి. అనే పదార్థం నుంచి ఒక ఫాస్ఫేటును తీసి ఫాస్ఫొరిలేజ్‌కు తగిలిస్తుంది. ఫాస్ఫొరిలేజ్ సుమారు 840 అమైనో ఆమ్లాలు గొలుసుగా కూడిన ప్రొటీను. అందులో 14వ స్థానంలోని సెరిన్‌కే ఫాస్ఫేటు అంటుకుంటుంది. ఫాస్ఫేటుకు రుణ విద్యుదావేశం ఉంటుంది. దానివల్ల ప్రొటీను ఆకారం మారుతుంది. ఆకారం మారగానే పని మొదలవుతుంది. ఇదే ఫాస్ఫొరిలేషన్. 1950ల మధ్యలో అమెరికాలో దీన్ని కనిపెట్టిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి లభించింది.

అన్నట్టు, 1929లో ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు!

స్విచ్చి వేస్తే చాలదు, ఆపాలి కూడా. ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైములను ఫాస్ఫటేజ్‌లంటారు. 1982లో అమెరికాలో ఘనశ్యామ్ స్వరూప్, ఆయన సహచరులు ఒక సంగతి తేల్చారు. వెనడేట్ అనే రసాయనం చూడటానికి ఫాస్ఫేటులా ఉండి, టైరొసిన్ నుంచి ఫాస్ఫేటును ఊడదీసే ఫాస్ఫటేజ్‌ను పనిచేయనివ్వదు. తర్వాత స్వరూప్ ఇలాంటి ఫాస్ఫటేజ్‌ల పైనే హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో ఏళ్ల తరబడి పరిశోధించారు. తార్నాక పక్కన హబ్సిగూడలో ఉన్న ఈ సంస్థ, తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాల నుంచి 1977లో రూపుదిద్దుకున్నది.

స్విచ్చి ఆగకపోతే? ఒక రకం రక్తక్యాన్సరులో జరిగేది అదే. ఒక కైనేజ్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉండి, తెల్లకణాలను అడ్డూ ఆపూ లేకుండా పెంచుతుంది. 2001లో అమెరికాలో వాడుకలోకి వచ్చిన ఇమాటినిబ్ అనే మందు, ఏ.టి.పి. కూర్చోవలసిన చోట తానే కూర్చుని ఆ కైనేజ్‌ను ఆపుతుంది. ఎందరో రోగులకు ఏళ్ల ఆయుష్షు పోసింది.

మన శరీరంలో కైనేజ్‌లు 500కు పైగా ఉన్నాయి. వాటిలో ఏది ఎప్పుడు ఏ ప్రొటీనును తాకుతుందో తెలుసుకోవలసింది ఇంకా ఎంతో ఉంది. ఆ పని రేపటి శాస్త్రజ్ఞులది, అంటే మీది!