క్రైస్తవ భక్తిలో ప్రేమతత్త్వము

తిరుపతికొండ నీడలో పెరిగినవారికి భక్తి యను మాటను వేఱుగ వివరింపనక్కఱలేదు. మోకాళ్లమెట్లను మోకాళ్లతోనే ఎక్కు యాత్రికుని చూచినవారు, తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు విన్నవారు, దేవుని కొఱకు దేవుని ప్రేమించుటయు, వరము కొఱకు ప్రేమించుటయు ఒకటి కావని ఎఱుగుదురు. ఈ భేదము ఏ ఒక్క మతమునకో చెందినది కాదు. చిత్తూరు, మదనపల్లె ప్రాంతముల చర్చిలలో ఆదివారము ప్రొద్దుట వినవచ్చు కీర్తనల వెనుకను ఈ ప్రశ్నయే నిలిచియున్నది.

ఆజ్ఞలలో ముఖ్యమైనది యేదని ఒక శాస్త్రి యేసును అడిగెనని మార్కు సువార్త చెప్పుచున్నది. ఆయన క్రొత్త ఆజ్ఞను కల్పింపలేదు. యూదులు నిత్యము పఠించు ద్వితీయోపదేశకాండము నుండియే తీసి, దేవునియెడ నిండు ప్రేమను మొదట నిలిపెను. దాని చెంతనే పొరుగువానియెడ ప్రేమను చేర్చెను. ప్రకటన గ్రంథములో ఎఫెసు సంఘమునకు వచ్చిన లేఖ ఇంకను కఠినమైనది. ఆ సంఘమువారు కష్టపడి పనిచేసిరి, ఓర్పు చూపిరి, కపట బోధకులను పరీక్షించి పట్టుకొనిరి. ఇన్ని మెప్పులు చెప్పిన పిమ్మట, తొలినాటి ప్రేమను విడిచిరను నింద వచ్చినది. లోపము సిద్ధాంతమున లేదు, పనిలోను లేదు. పాఠము తప్పులేక చెప్పుచునే పిల్లలయెడ మమత పోగొట్టుకొన్న ఉపాధ్యాయుని స్థితి ఇట్టిదే కాబోలు.

ప్రేమ యథార్థమైనదా కాదా యను పరీక్ష తెలుగునాట ఒకప్పుడు మిక్కిలి తీవ్రముగ జరిగినది. 1876–78 నాటి ధాత కరువు రాయలసీమతోపాటు నెల్లూరు మండలమును కూడ పీడించినది. నాడు ఆ మండలములోనిదైన ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పనిచేయుచుండెను. బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంతభాగమును ఆయన గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. చిక్కు అక్కడనే వచ్చినది. కూలి యిచ్చు చేయియు, బాప్తిస్మమిచ్చు చేయియు ఒకటే యైనపుడు వచ్చువాని మనస్సును ఎవరు చూడగలరు? కరువు సాయము సాగినంతకాలము క్లౌ బాప్తిస్మములను ఆపివేసెను. జనము అడిగిరి; ఆయన ఒప్పుకొనలేదు. సాయము ముగిసి, ఇక చేతికి దొరకునది ఏమియు లేదని తెలిసిన పిమ్మట కూడ వారు వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి ఆ కార్యమును నెఱవేర్చిరి.

ఆ 2,222 హృదయములును నిర్మలములని ఎవరును ప్రమాణము చేయజాలరు. అన్నము పెట్టినవానియెడ కృతజ్ఞత, ఊరిలో తలయెత్తి నడువవలెనను కోరిక, బిడ్డకు నాలుగక్షరములు వచ్చునను ఆశ, ఇవన్నియు భక్తితో కలిసియే యుండును. వీనిని కపటమనుట అన్యాయము. అంటరానితనము క్రింద నలిగినవానికి, తన్ను ప్రేమించు దేవుడొకడు కలడను మాటయే గొప్ప సంగతి. పైగా ఆ ఉద్యమమునకు ఆద్యుడు కరువునకు పదేండ్లు ముందటివాడు. యెఱ్ఱగుంట్ల పేరయ్య చర్మకారుడు. గురువుల నాశ్రయించి యోగసాధన చేసిన జిజ్ఞాసువు. 1866లో బాప్తిస్మము పొందెను. అప్పటికి కాలువ కూలి లేదు. ఆయన వెంట వచ్చినవారు ఆదివారము పనికి పోమనియు, చచ్చిన పశువుల మాంసము ముట్టమనియు, జాతరలలో డప్పు కొట్టమనియు నిలువగా గ్రామపెద్దల ఆగ్రహమునకు గురియైరి. లాభము కొఱకు వచ్చినవారు ఆ దెబ్బలకు ఎన్నాళ్లు నిలిచియుందురు?

పురుషోత్తమ చౌదరి (1803–1890) చరిత్రలో ఈ విషయమే మఱొక రీతిగ కనబడును. ఆయన పరమత ఖండనము చేయుచు గద్యపుస్తకములు వ్రాసెను, కీర్తనలును వ్రాసెను. ఆ వాదగ్రంథములను వెదకి చదువువారు నేడు అరుదు. రాగతాళములతో కూర్చిన కీర్తనలనో, పుస్తకము చూడకయే పాడు వృద్ధురాండ్రు పల్లెపల్లెను కలరు. తర్కము చేరలేని చోటికి పాట చేరినది.

అయినను పాటతోనే తృప్తిపడు భక్తియు పరీక్షకు నిలువదు. కంటికి కనబడు సోదరుని ప్రేమింపనివాడు కనబడని దేవుని ఎట్లు ప్రేమించునని యోహాను తన పత్రికలో నిలదీసెను. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము ఈ సందర్భమున తలపునకు వచ్చును. పలు మిషనులు కలిసి 1912లో నెలకొల్పిన ఆ క్షయ చికిత్సాలయమునకు డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ తొలి అధిపతి. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అనగా ముప్పదియేండ్ల పాటు అచ్చటివారు రోగికి ప్రధానముగ ఈయగలిగినది మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, మనిషి తోడు. నయమగునను భరోసా లేకయే, అంటువ్యాధి యని తెలిసియే, ప్రతి ఉదయమును మంచము చెంతకు పోవలసియుండెను. దేవుని ప్రేమించుట యనగా నేమని ఆ వరండాలో ఎవరైన అడిగియుండినచో, జ్వరము చూచుచు మంచము నుండి మంచమునకు నడచు నర్సు ఏమని బదులు చెప్పియుండునో!