ట్యాబ్‌కు పేరే కాదు, రిపేరూ చూడాలి

కృష్ణపట్నం: పడవకు ఇంజను కొనే మత్స్యకారుడు ధర ఒక్కటే అడిగి ఊరుకోడు. నడిసముద్రంలో మొరాయిస్తే బాగుచేసేదెవరు, విడిభాగం నెల్లూరులో దొరుకుతుందా, చెన్నై దాకా పోవాలా అని కూడా అడుగుతాడు. పిల్లల చదువుకు ట్యాబ్ కొనేవారు కూడా ఈ ప్రశ్నలే వేయాలి. పోర్టు కూలికో, రొయ్యల గుంటల మీద పనికో వెళ్లే కుటుంబానికి ట్యాబ్‌కు పెట్టే పది పదిహేను వేలు ఒక నెల సంపాదన.

చౌక ఒక్కటే చూస్తే ఏమవుతుందో ‘ఆకాశ్’ కథ చెబుతుంది. కేంద్రప్రభుత్వం 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదల చేసిన ఈ ట్యాబ్ మన హైదరాబాదులోనే తయారైంది. ప్రభుత్వం ఒక్కొక్కటి సుమారు 2,276 రూపాయలకు కొన్నది. తీరా వాడితే నిదానంగా నడుస్తున్నదని, బ్యాటరీ నిలవడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. మరుసటి ఏడాదికల్లా కంపెనీకి, తయారీదారుకు మధ్య బకాయిల తగాదా వచ్చింది.

పేరున్న కంపెనీ అయితే చాలా అంటే అదీ కాదు. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు అయిదు లక్షలకు పైగా శామ్‌సంగ్ ట్యాబ్‌లు పంచిన విషయం విదితమే. వాటిలోని పాఠాలు బైజూస్‌వి. 2024 జూలైలో ఆ పాఠాల కంపెనీపై బెంగళూరులో దివాలా విచారణ మొదలైంది. ట్యాబ్ ఒకరిది, లోపలి సరుకు మరొకరిదైనప్పుడు ఇద్దరి సంగతీ చూసుకోవాలన్నమాట.

కొనేముందు దుకాణదారును అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఆ కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రం నెల్లూరులో ఉందా? కృష్ణపట్నం నుంచి అది పాతిక కిలోమీటర్ల దూరం. ఒక రోజు కూలి పోయినా పని జరుగుతుంది. లేకపోతే ట్యాబ్‌ను కొరియరులో పంపి వారాల తరబడి ఎదురు చూడవలసి వస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి? అవి ఆగిపోతే యంత్రం బాగానే ఉన్నా కొన్ని యాప్‌లు పనిచేయడం మానేస్తాయి. పెద్ద కంపెనీలు సైతం చౌక రకాలకు తక్కువ ఏళ్లే ఇవ్వడం గమనార్హం.

వారంటీ కాగితం కూడా చదివించుకోవాలి. తెర పగిలినా, నీరు చేరినా సాధారణంగా వారంటీ వర్తించదు. సముద్రపు ఉప్పుగాలికి చార్జింగు రంధ్రం తుప్పుపట్టే తీరప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. ట్యాబ్ మీదగాని, పెట్టె మీదగాని బి.ఐ.ఎస్. గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉండాలి. సీరియల్ నంబరు వేసిన బిల్లు లేనిదే డబ్బు చెల్లించరాదు.

ఆ బిల్లే తర్వాత ఆయుధం. కంపెనీ మొండికేస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నది ఏ ఊళ్లోనైనా, ఆన్‌లైనులోనైనా, నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు.

ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు. ట్యాబ్ కొనేవాడు సర్వీసు కేంద్రం అడ్రసు చూడాలి.