పగడాల తొట్టిలో పీడ

సముద్రం వరంగల్‌కు చాలా దూరం. హనుమకొండలోనో కాజీపేటలోనో ఇంటి హాల్లో పగడాలు పెంచాలంటే ముందు సముద్రాన్నే తయారు చేసుకోవాలి. ఆర్వో నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. బయట మే ఎండ 44 డిగ్రీలు దాటినా తొట్టిలో 25, 26 డిగ్రీలే ఉండేలా చిల్లర్ పెట్టాలి. కరెంటు పోతే పంపు ఆగకుండా ఇన్వర్టర్ ఉండాలి. ఇన్ని తంటాలు పడి పెంచిన పగడం ఓ రోజు ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. పక్కనే రాతి సందులోంచి గోరంతైనా లేని జీవి ఒకటి తొంగిచూస్తుంటుంది.

చాలాసార్లు అది ఐప్టేసియా అనే చిన్న సీ అనిమోన్. గాజులా పారదర్శకంగా ఉండే గోధుమరంగు కాడ, దాని కొసన గుండ్రంగా విచ్చుకున్న సన్నని స్పర్శకాలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కొత్తవాళ్లయితే రాయి మీద పగడం ఊరికే మొలిచిందని సంబరపడతారు. కానీ అది విషపు కణాలతో పొరుగునున్న పగడాన్ని కాల్చి చోటు ఆక్రమించుకుంటుంది. వేలు దగ్గరకు పోనిస్తే చాలు, రెప్పపాటులో రంధ్రంలోకి జారుకుంటుంది. కోపమొచ్చి బ్లేడుతో గీకితే చేలో తుంగను పైపైన కోసినట్టే. రాతికి అంటుకుని మిగిలిన పాదం ముక్కల నుంచి మళ్లీ కొత్తవి పుడతాయి.

దీనికి నాకు నచ్చిన మందు సున్నం. కిళ్లీ కొట్టు సున్నం కాదు, స్వచ్ఛమైన కాల్షియం హైడ్రాక్సైడ్. కొద్ది నీళ్లతో చిక్కగా కలిపి సిరంజిలోకి తీసుకోవాలి. ముందు పంపులు ఆపి నీరు నిలకడగా అయ్యేదాకా ఆగాలి. ఐప్టేసియా విచ్చుకుని ఉండగా, తాకకుండా, సరిగ్గా నోటి మీద చుక్క పడేలా మెల్లగా వదలాలి. ఆ తెల్లటి ముద్ద కింద అది అక్కడికక్కడే కాలిపోతుంది. ఒక్కరోజులో తొట్టంతా శుభ్రం చేసేద్దామని మాత్రం ఆశపడకూడదు. సున్నం ఎక్కువైతే నీటి పీహెచ్ ఒక్కసారిగా పెరిగి పగడాలకే ముప్పు. రోజుకు రెండు మూడు చాలు.

పెప్పర్‌మింట్ రొయ్యలూ వీటిని తింటాయి. అయితే వాటిని పోలిన క్యామెల్ రొయ్యల్ని పొరపాటున తెస్తే అవి పగడాలనే కొరుకుతాయి. బెర్గియా అనే సముద్రపు నత్తకు గుల్ల ఉండదు. దాని తిండి ఐప్టేసియా ఒక్కటే. అది అయిపోతే ఆకలితో చస్తుంది కాబట్టి, పని ముగియగానే అవసరమున్న మరొకరికి ఇచ్చేయాలి.

గుడ్లు మందుకు చావవు

ఐప్టేసియా కంటికి కనబడే శత్రువు. ఆక్రోపోరా పగడాన్ని తినే చదునుపురుగు అలా కాదు. అది పగడం రంగులోనే కలిసిపోతుంది. రంగు వెలిసిపోయి చిన్న చిన్న గుండ్రటి కొరుకుడు మచ్చలు పడ్డాకే అనుమానం వస్తుంది. పగడాన్ని మందునీళ్లలో ముంచి, పిప్పెట్‌తో నీళ్లు చిమ్మితే పురుగులు రాలతాయి గానీ గుడ్లకు ఏమీ కాదు. మొదలు దగ్గర కండ లేని చోట అవి గుంపుగా అతుక్కుని ఉంటాయి. వాటిని గీకేయాలి. కళ్లబడనివి పొదిగితే ఆ పిల్లల పని పట్టడానికి వారానికోసారి మళ్లీ ముంచాలి. అందుకే కొత్త పగడాన్ని ఆరు వారాలైనా విడి తొట్టిలో ఉంచాలి, దాన్ని అతికించి ఇచ్చిన చిన్న దిమ్మెను, అంటే ప్లగ్గును, తీసి పారేయాలి. విడి తొట్టి ఖర్చు దండగ అనుకునేవాళ్లతో నేను ఏకీభవించలేను. తొట్టిలోకి వచ్చే పీడల్లో చాలాభాగం మనం డబ్బిచ్చి కొన్న ముక్కతోనే వస్తాయి.

ఆ ముక్క ఎక్కడిదో అడగాలి కూడా. దిబ్బలు కట్టే గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. విదేశాల నుంచి తెచ్చే గట్టి పగడాలకు వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటిస్ కింద అనుమతులు కావాలి. సముద్రంలోంచి పెరికిన ముక్క నేరాన్నే కాదు, పురుగుల్నీ వెంట తెస్తుంది. కాగితాలు చూపించలేని చోట కొనవద్దు.

కనబడ్డ ప్రతి పురుగూ శత్రువు కాదన్నది మరువకూడదు. రాత్రి టార్చి వేస్తే జరజరా పాకే ముళ్ల పురుగుల్లో ఎక్కువభాగం మిగిలిన మేతను తిని తొట్టిని శుభ్రంగా ఉంచేవే. వాటిని వదిలేయండి. భయపడాల్సింది పగడాల్లా కనిపించే రంగురంగుల జోవాంథిడ్‌ల విషయంలో. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. పురుగు చావాలని అవి ఉన్న రాయిని మరిగించినా, వేడినీళ్లతో తోమినా ఆ విషం ఆవిరితో, తుంపరలతో గాల్లోకి లేస్తుంది. విదేశాల్లో ఇలా కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలయ్యాయి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు లేకుండా వాటిని ముట్టుకోవద్దు.

విసుగొచ్చి తొట్టి ఎత్తేసేవాళ్లకు ఓ మాట. ఉప్పునీరు డ్రైనేజీలోకి పోవాలి, వడ్డేపల్లి చెరువులోకో భద్రకాళి చెరువులోకో కాదు. తొట్టిలోవేవీ చెరువుల్లో వదలకూడదన్నది మంచినీటి అక్వేరియాలవాళ్లకైతే మరీ ముఖ్యం. అద్దం శుభ్రం చేస్తుందని కొని, పెద్దదయ్యాక చెరువుల్లో వదిలిన దక్షిణ అమెరికా సక్కర్ చేపే ఇవాళ మన జాలర్లు తిట్టుకునే దెయ్యం చేప. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ఆనవాళ్లతో వెతికితే, తూర్పు కనుమల్లో పరిశీలించిన జలవనరుల్లో సగానికి పైగా అది బయటపడింది. దాని ముళ్లకు వలలు చిరుగుతున్నాయి. పైగా గుడ్లు పెట్టడానికి అది గట్లలో బొరియలు తవ్వుతుంది. కాకతీయుల కాలం నుంచీ మట్టికట్టల మీదే ఆధారపడిన చెరువులు మనవి. వద్దనుకున్న చేపను కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునేవారిని వెతికి అప్పగించండి.